జిల్లా పుటయు, ప్రజల గోడును

ఇటీవల నొక మంగళవారమునాడు ఉదయమున మేము మేడ్చలులోని యొక పఠనమందిరమునకు బోయితిమి. బల్లపై నాలుగు తెలుగు దినపత్రికలు పఱచియుండెను. వాని చుట్టును ఐదారుగురు పెద్దమనుష్యులు చేరి వాదులాడుకొనుచుండిరి. ముందటి దినము సోమవారము, ప్రజావాణి జరుగు దినము. శామీర్‌పేట సమీపమున అంతాయిపల్లిలో నున్న కలెక్టరు కచేరీ వాకిట, రహదారి విస్తరణమునందు ఇండ్లును దుకాణములును పోగొట్టుకొనువారు కొందఱు ఒక గంటకాలము కూర్చుండి, నినాదములు పలికి, వినతిపత్రమిచ్చి మరలిపోయిరి. పోలీసులు వచ్చిరి, ఎవరిని కొట్టలేదు. జరిగినదింతే.

ఇంతమాత్రపు సంగతి నాలుగు పత్రికలలో నాలుగు విధములుగా నున్నది. మొదటిదానియందు కలెక్టరేటు వద్ద ఉద్రిక్తత యని పెద్ద శీర్షికయు, ప్రభుత్వమునకు బుద్ధి చెప్పుటకు ప్రజలు సిద్ధముగా నున్నారని వార్త చివర నొక జోస్యమును. రెండవదానియందు, అభివృద్ధిని అడ్డుకొనుటకు ప్రతిపక్షమువారు జనమును తోలుకొని వచ్చిరని వ్రాసిరి. మూడవదానియందు ధర్నా వలన వాహనములు నిలిచిపోయి ప్రయాణికులు ఇక్కట్లపాలైరని మూడు పంక్తులు. నాలుగవదానియందు వెదకి వెదకి విసిగితిమి; ఆ పుటలో ముప్పాతిక భాగమును ఒక స్థానిక నాయకుని జన్మదిన శుభాకాంక్షలు ఆక్రమించియున్నవి. వచ్చినవారి వినతిపత్రములో నేమున్నదో, దానికి అధికారులు ఏమి బదులు చెప్పిరో, నాల్గింటిలో నొక్కటియు వ్రాయలేదు. "వకీలుసాబు, ఈ నాల్గింట్ల అయిందేది, కానిదేది?" అని ఒక వృద్ధుడు మమ్ము నడిగెను. ఆయన స్వయముగా ఆ ధర్నాలో కూర్చున్నవాడు.

రహదారి సంగతి మా పాఠకు లెఱిగినదే. సికింద్రాబాదు ప్యారడైజు కూడలినుండి శామీర్‌పేట వద్ద ఔటర్ రింగు రోడ్డు వఱకు, రాజీవు రహదారిపై సుమారు 18 కిలోమీటర్ల ఎత్తైన మార్గమును నిర్మించుటకై 2024 మార్చి 7వ తేదీన ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారు శంకుస్థాపన చేసిరి. అంచనా వ్యయము 2,232 కోట్ల రూపాయలు. కరీంనగరము మొదలుగాగల ఉత్తర జిల్లాలనుండి నగరమునకు వచ్చు లక్షలాది జనులకు ఈ మార్గము మేలు చేయును. మేము దానికి విరోధులము గాము. ఆ త్రోవలో వాహనముల నడుమ జిక్కుకొని, కోర్టులో మా కేసు పిలుపునకు అందక తలవంచుకొన్న దినములు మాకును గలవు. అయినను రెండువందల అడుగుల వెడల్పున నేల తీసికొన్నచో తరతరములనుండి అంగళ్లు పెట్టుకొని బ్రదుకుచున్నవారి గతి యేమని అడుగుట దేశద్రోహము గాదు, రాజకీయపు టెత్తును గాదు. ఇరువైపుల న్యాయమున్న వ్యవహారమిది. ఇట్టి వ్యవహారముననే పత్రిక యొక్క అవసరము హెచ్చు. ఇట్టి వ్యవహారముననే మన పత్రికలు చేతులెత్తివేయుచున్నవి.

పత్రికలు పక్షపాతము చూపుచున్నవను ఆరోపణ క్రొత్తది గాదు. పక్షము గల పత్రికలను మేము నిందింపము. విశాలాంధ్ర, ప్రజాశక్తి పత్రికలు ఏ పార్టీలవో బాలురు సైతము చెప్పగలరు. 2008లో జగన్మోహన రెడ్డిగారి యాజమాన్యమున సాక్షి వెలువడినప్పుడు దాని యభిమాన మెటుండునో ఎవ్వరికిని సందేహము గలుగలేదు. 2011లో నమస్తే తెలంగాణ పుట్టినప్పుడు తెలంగాణ రాష్ట్ర సమితి మాటయే దాని మాట యగునని తెలిసియే మనమందఱము కొని చదివితిమి. ఈనాడు, ఆంధ్రజ్యోతి పత్రికలకు తెలుగుదేశమునెడ మక్కువ గలదన్న పేరు చిరకాలముగా నున్నది. వి6, వెలుగు సంస్థల యజమాని వివేక్ వెంకటస్వామిగారు 2019లో భారతీయ జనతా పార్టీయందు జేరి, 2023 నవంబరులో మరల కాంగ్రెసునకు వచ్చి, 2025 జూనులో మంత్రియైరి. జెండా కనబడునట్లు కట్టుకొన్నవాడు మోసగాడు గాడు. సంపాదకీయమునందు ఎవరి మాట వారు చెప్పుకొనవచ్చును. మా మాట మేము చెప్పుకొనుట లేదా? చిక్కంతయు వేఱొకచోట నున్నది. సంపాదకీయము పట్టణములోని పదుగురు చదువుదురు. జిల్లా పుటను ఊరంతయు చదువును. పక్షపాతము నిజముగా పని చేయుచోటు ఆ జిల్లా పుట.

ఈ జిల్లా పుటకు మంచి చరిత్రయే కలదు. 1974లో విశాఖపట్టణమున బుట్టిన ఈనాడు 1989లో ప్రతి జిల్లాకును ప్రత్యేకముగా చిన్న అనుబంధపత్రికను వెలువరింప నారంభించినది. తక్కిన పత్రికలును ఆ దారినే పట్టినవి. అంతవఱకు కలెక్టరు పర్యటనకో, మంత్రి సభకో తప్ప అచ్చులోనికి రాని గ్రామముల పేర్లు ప్రతిదినమును కనబడజొచ్చినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడుబిడ్డలు సారా అంగడిని మూయించిన వార్త ఊరూరికిని ప్రాకి మహోద్యమమైనదన్నచో, దానికి పత్రికలు, ముఖ్యముగా ఈనాడు, ఇచ్చిన చోటు కొంత కారణము. 1993 అక్టోబరులో సారా నిషేధమైనది. 1995 జనవరిలో రామారావుగారి ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము నెలకొల్పినది. 1997లో చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వము దానిని సడలించినప్పుడు మాత్రము, మునుపు నగారా మ్రోగించిన చేతులు మెత్తబడినవని విమర్శకులు వ్రాసిరి. ఆ విమర్శ నిజమో కాదో పాఠకులే తీర్పరులు. స్త్రీలు మారలేదు, సారాయి మారలేదు, ప్రభుత్వము మారినది.

గ్రామమునకు గొంతు నిచ్చిన ఆ జిల్లా పుటయే క్రమముగా గ్రామమునకు బందెలదొడ్డి యైనది. ఏ మండలపు గోడు ఆ మండలమువారే చదువుకొనవలెను. ప్రక్క జిల్లావారు చదువరు, నగరమువారు అసలే చదువరు. ఇందుకు మా ప్రాంతమునందే జవహర్‌నగరముకన్న మంచి దృష్టాంతము లేదు. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా యేర్పడుటకు పూర్వము అది శామీర్‌పేట మండలములోనిది. హైదరాబాదు మహానగరము దినదినమును విసర్జించు చెత్త వేల టన్నులు అచటనే పోయబడినది. కోటి టన్నులకు మించిన పాత చెత్తగుట్టపై మన్నుగప్పి మూతవేసిరి. విద్యుత్తు తీయు కర్మాగారము 2020లో నెలకొన్నది. ఇవి మంచి పనులే. కాని దమ్మాయిగూడ, నాగారము, కాప్రా వాసులు దుర్గంధముతో, చెడిన బావినీటితో పడిన బాధ యెన్ని సంవత్సరములదో! వారు ధర్నాలు చేసిరి, చెత్తబండ్ల కడ్డముగా నిలిచిరి, న్యాయస్థానముల కెక్కిరి. ఆ వార్తలు అచ్చుగాలేదని మేమనము. అచ్చైనవి - మేడ్చల్ పుటలో. ఆ వాసన చూచుచున్నవారికే ఆ వార్తయు చేరినది. చెత్త పంపిన బంజారాహిల్సు గృహస్థు తన యింటికి వచ్చిన పత్రికలో దానిని చూచి యెఱుగడు. నగరపు చెత్త జవహర్‌నగరమునకు వచ్చుటకు దారియున్నది, జవహర్‌నగరపు వార్త నగరమునకు బోవుటకు దారి లేదు. ఇందులో ఒక్క అబద్ధమును లేదు, ఒక్క దూషణయు లేదు. అయినను ఇంతకు మించిన పక్షపాతమును మేమెఱుగము.

ఈ కిటుకు పాలకులకు తెలియదని తలపరాదు. ఇందుకు ప్రభుత్వపు కాగితమే సాక్ష్యము. తెలంగాణ సమస్యపై 2010 ఫిబ్రవరిలో నియమింపబడిన శ్రీకృష్ణ సంఘము ఆ సంవత్సరాంతమున తన నివేదిక నొసగెను. శాంతిభద్రతలకు సంబంధించిన ఎనిమిదవ అధ్యాయమునకు అనుబంధముగా నొక రహస్యపత్రమును మూసిన కవరులో కేంద్రమునకు ఇచ్చినది. దానిని బయటపెట్టవలెనని మాజీ పార్లమెంటు సభ్యులు ఎం. నారాయణరెడ్డిగారు ఉన్నత న్యాయస్థానమున రిట్ వేయగా, 2011 మార్చి 23న జస్టిస్ ఎల్. నరసింహారెడ్డిగారు తమ తీర్పులో అందలి భాగములను ఉదాహరించి, తీవ్రముగా గర్హించిరి. ఆ తీర్పుపై కేంద్రమువారు అప్పీలు చేసినమాట నిజమే. కాని చదువబడిన కాగితము మరల మూతబడునా?

ఆ పత్రమునందు పత్రికల నెట్లు నడపవలెనో విచారించిన భాగమొకటి కలదు. రాష్ట్రమున పదుమూడు వార్తాచానళ్లు, ఐదు పెద్ద దినపత్రికలు కలవనియు, రెండు చానళ్లు తప్ప తక్కినవన్నియు సమైక్యరాష్ట్రమునకు అనుకూలములనియు, పెట్టుబడి సీమాంధ్రులదనియు అందు లెక్క గట్టిరి. అంతటితో నిలువలేదు. యజమానులు ఒకవైపున్నను, తెలంగాణ జిల్లాలలోని విలేకరులు, ఉపసంపాదకులు స్థానికులు గావున జిల్లా పుటలలో ఉద్యమవార్తలు విరివిగా పడుచున్నవని గుర్తించిరి. దానికి మందేమి? యజమానులను, సంపాదకులను కలిసి వార్తల జోరు తగ్గించుట. పత్రికలు ప్రభుత్వ ప్రకటనల రాబడిపై ఆధారపడియున్నవి గనుక ఆ పగ్గమును వినియోగించుట. ఊరి విలేకరి తన కండ్లతో జూచి వ్రాసిన నాలుగు పంక్తులను, యజమాని జేబుద్వారా చెరిపివేయు నుపాయమన్నమాట! ఎవని వ్రాత ఎచట పడుచున్నది, ఎవని రాబడి ఎచటినుండి వచ్చుచున్నది యను రెండు ప్రశ్నలతోనే పత్రికాప్రపంచమంతయు వారికి అరచేతి యుసిరికాయయైనది. ఆ సంఘమువారి బుద్ధిసూక్ష్మతను మెచ్చుకొనవలసినదే; ఆ బుద్ధిని దేని కుపయోగించిరో తలచినప్పుడు మాత్రము సిగ్గు గలుగును.

నాడు మనమందఱము మండిపడితిమి. ఈ పంక్తులు వ్రాయువారు నల్లకోటుతోనే రోడ్డుపై గూర్చున్నవారు. స్వరాష్ట్రము వచ్చినచో ఈ పగ్గము తెగిపోవునని నమ్మితిమి. 2014 జూనులో రాష్ట్రము వచ్చినది. ఆ నెలలోనే రెండు వార్తాచానళ్ల ప్రసారము తెలంగాణమున నిలిచిపోయినది. కేబులువారే తమంత తాముగా నిలిపిరని సర్కారువారు చెప్పిరి. సెప్టెంబరులో వరంగల్లు సభలో, తెలంగాణము నవమానించు మాధ్యమములను పది కిలోమీటర్ల లోతున పాతిపెట్టెదమని ముఖ్యమంత్రి చంద్రశేఖర రావుగారు పలికిరి. ఆ చానళ్లలో నొకటి మన శాసనసభ్యులను ఎగతాళి చేసినది నిజము. అది చూచి మాకును రోషము గలిగినది. కాని రోషము వేఱు, తీగ కోయుట వేఱు. పగ్గము తెగలేదు, పట్టిన చేయి మారినదని నాడే గ్రహింపవలసియుండెను. మాలో ననేకులు ఉపేక్షించితిమి.

తరువాత జరిగినది చూడుడు. 2016 జూలై 24న, మల్లన్నసాగరమున మునుగబోవు గ్రామములవారు రాజీవు రహదారి పైకి తరలిరాగా పోలీసులు లాఠీలతో కొట్టిరి. శామీర్‌పేట మీదుగా సిద్దిపేటకు బోవు రహదారియే అది. దెబ్బలుతిన్నవారు మనకు పొరుగువారే. ప్రభుత్వమునకు దగ్గరి పత్రికలలో ఆనాడు మల్లన్నసాగరము కోటియెకరముల స్వప్నము. ముంపు గ్రామములు ఆ స్వప్నమున కడ్డుపడిన రాయి. వెనుకనుండి నడిపినది ప్రతిపక్షము. ఎనిమిదేండ్లు గడచినవి. 2024 నవంబరు 11న వికారాబాదు జిల్లా లగచర్లలో, ఔషధపరిశ్రమల భూసేకరణకై వచ్చిన కలెక్టరుపై, ఇతరాధికారులపై గ్రామస్థులు దాడి చేసిరి; రాత్రికి రాత్రి పలువురిని నిర్బంధించిరి. ఇప్పుడు మునుపటి రాయి రత్నమైనది. మల్లన్నసాగరమును స్వప్నమన్నవారికి లగచర్ల భూమిపుత్రుల తిరుగుబాటు; మల్లన్నసాగరపు కన్నీటిని వర్ణించినవారిలో కొందఱికి లగచర్ల ప్రతిపక్షముపన్నిన కుట్ర. అధికారిపై చేయిచేసికొనుట తప్పని గాని, అర్ధరాత్రమున తండాలలో తలుపులు తట్టుట తప్పని గాని రెండును కలిపి చెప్పినవారు మిక్కిలి తక్కువ. ఆ నెలాఖరుకే ప్రభుత్వమువారు ఔషధగ్రామపు ప్రకటనను ఉపసంహరించుకొనిరి గావున గ్రామస్థుల మొఱలో కొంత న్యాయమున్నట్లే గదా! 2025 మార్చిలో, ముఖ్యమంత్రిని నిందించిన యొకని మాటలను చూపినందుకు ఇద్దఱు స్త్రీ విలేకరులను తెల్లవారుజామున అరెస్టు చేసిరి. మునుపు పత్రికాస్వేచ్ఛ కొఱకు గొంతెత్తిన పార్టీ యేలుబడియందే యిది జరిగినది.

మండల విలేకరిని ఇందుకు బాధ్యుని జేయుట న్యాయము గాదు. పలుచోట్ల ఆతనికి నెలజీతమన్న మాట లేదు. వ్రాసిన వార్తకు వచ్చునది టీనీళ్లకు చాలదు. సంక్రాంతికి, దసరాకు, నాయకుల పుట్టినరోజులకు ఇంత మొత్తము ప్రకటనలు తేవలెనని పైనుండి లెక్క వచ్చును. ఎవని యొద్ద ప్రకటన కొఱకు చేయిచాపెనో, వానిపై వార్త వ్రాయుమనిన నెట్లు వ్రాయును? 1948 ఆగస్టులో ఈ నగరమున రజాకార్లను ఎదిరించి వ్రాసినందుకు ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాను చేయి నరకబడి ప్రాణము విడిచెను. అట్టి వీరులు శతాబ్దమున కొకరు. పెండ్లాము బిడ్డలుగల మండల విలేకరిని ప్రతి దినమును షోయబుల్లాఖానువలె నుండుమని శాసించుట మనకు తగదు. ఆతనికి జీతమిమ్మని యజమానులను అడుగుట తగును.

ప్రభుత్వ ప్రకటనల విషయమున చట్టము మౌనముగా లేదు. ఈనాడు ప్రచురణకర్తలైన ఉషోదయ సంస్థ వేసిన వ్యాజ్యమున ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము, 1981 నాటి న్యాయనివేదికలలో ప్రకటితమైన తీర్పునందు, ప్రకటనల ధనము ప్రజల ధనమనియు, దానిని నచ్చిన పత్రికను పోషించుటకో నచ్చని పత్రికను దండించుటకో వాడరాదనియు చెప్పినది. ఆ తీర్పు వచ్చి నాలుగు దశాబ్దములు దాటినది. ఏ పత్రిక కెంత ప్రకటన నిచ్చిరో సమాచార పౌరసంబంధ శాఖవారు మూడునెలల కొకమాఱు తమంత తామే ప్రకటించినచో, ఏ పుటలో ఏ వార్త ఎందులకు సన్నగిల్లినదో పఠనమందిరములోని వృద్ధులు కూడ లెక్క గట్టగలరు. సమాచార హక్కు చట్టము 2005 నుండి యున్నది. అడుగుటకు మన మండలములలో వకీళ్లకు కొదువ లేదు. ప్రెస్ కౌన్సిలుకు మొఱపెట్టుకొనవచ్చునుగాని, అది మందలింపగలదే గాని దండింపజాలదు.

మా తప్పును ఒకటి చెప్పుకొనవలసియున్నది. 2011 మార్చి 10న ట్యాంకుబండుపై మిలియన్ మార్చ్ జరిగినది. పోలీసుల ముళ్లకంచెలను దాటి వేలాది జనము వచ్చినది, మేమును అందుంటిమి. మఱునాడు పత్రికలన్నియు కూల్చిన విగ్రహముల బొమ్మలే వేసినవని, జనప్రవాహమును దాచినవని మేము నిప్పులు గ్రక్కితిమి. ఆ కోపమున న్యాయము లేకపోలేదు. కాని ఆనాడు వార్తాసంస్థల వాహనములపైనను దాడి జరిగినది. ఎవరి కెమెరా పగిలినది, ఎవరి నెత్తికి దెబ్బ తగిలినదని మాలో నెవరు అడిగిరి? వచ్చిన జనమును లెక్కించునప్పుడు మా నాలుక కొంత ఉదారముగా నుండెనని కూడ ఒప్పుకొందుము. మన పక్షమువారి ధర్నాకు వచ్చినవారు ప్రజలు, ఎదుటి పక్షమువారి ధర్నాకు వచ్చినవారు కూలికి వచ్చినవారు అను నిఘంటువు ఒక్క యజమానులదే కాదు. పాఠకులమైన మనమును దానినే వాడుచున్నాము. మనకు రుచించు పత్రిక నొక్కదానినే తెప్పించుకొని, తక్కినవన్నియు అమ్ముడుపోయినవని తీర్మానించుకొని కూర్చున్నాము.

వృద్ధుని ప్రశ్నకు మేమిచ్చిన సమాధానమును గూడ చెప్పెదము. పత్రికలోని వార్త దానంతటదే సాక్ష్యము గాజాలదని సుప్రీముకోర్టువారు 1988లోనే చెప్పియున్నారని మేము వకీలు మాట నొకటి చెప్పితిమి. ఆయన నవ్వి, సంచిలోనుండి పాత లెక్కల పుస్తకమును దీసెను. అందు తమ రహదారి సంగతి మొదలైన నాటినుండి పడిన వార్తలన్నియు, తేదీతోను పత్రిక పేరుతోను, అంటించియుంచినాడు. వార్త పడని దినములందు, ధర్నా జరిగియు వార్త పడలేదని తన చేతితో వ్రాసికొన్నాడు. అట్టి ఖాళీలు మేము లెక్కించినంతలో పదునొకండు.

ఆయన మాకు తమ వినతిపత్రపు ప్రతి నొకటి ఇచ్చినాడు. అందలి కోరికలు మూడు. మార్గపు వెడల్పును తగ్గించుటకు వీలున్నదేమో నిపుణులచే మరల చూపించవలెను; కొలతలు యజమానుల సమక్షమున జరుగవలెను; నేల తీసికొనుటకు ముందే బజారుధర చెల్లింపవలెను. నాలుగు పత్రికలలో పడని ఆ మూడు వాక్యములను పైన ముద్రించితిమి. అధికారుల సమాధానమును గోరి లేఖ వ్రాసితిమి. అది చేరినంతనే, ఇదే పుటయందు, ఇదే పరిమాణముగల అక్షరములతో ప్రకటింతుము.